చెవి వెనక దరువు

పైడిరాజు మెట్లు దిగుతూ దిగుతూ నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు. ఒక కాలు గాల్లో ఉంది, చెయ్యి గోడకి ఆనించి ఉంది. ముఖంలో మాత్రం బస్సు కోసం చూసేవాడి ఓపిక. కింద పాలప్యాకెట్లు పట్టుకుని నిలబడ్డ హైమవతికి మొదట అది వేళాకోళంలా కనిపించింది. పొద్దున్నే పెళ్ళాన్ని ఆటపట్టించడం అతనికి మామూలే.

"ఏమైంది?"

"ఏటీ అవలేదు. రావాలి."

"ఏం రావాలి?"

"అదే, కాలు దించడానికి టైము."

అని నవ్వబోయాడు. నవ్వు కూడా ఎక్కడో ఆగిపోయింది. అప్పుడు చూసింది హైమ, అతని చెవి వెనక ఏమీ లేదు. స్నానానికని తీసి బాత్‌రూములో మర్చిపోయాడు. పాలప్యాకెట్లు అక్కడే పడేసి పైకి పరిగెత్తింది. సబ్బుపెట్టె పక్కనుంచి రూపాయి బిళ్ళంత ఉన్న ఆ పరికరాన్ని తెచ్చి అతని కుడిచెవి వెనక అతికించింది. వెంటనే కాలు దిగింది. ఆ తర్వాత మిగతా మెట్లన్నీ టక్ టక్ టక్ మని దిగిపోయాడు. ఒక్కో అడుగుకీ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. నిమిషానికి నూట ఇరవై రెండు. ఆ అంకె హైమకి బాగా తెలుసు. అందులో పెట్టింది తనే.

కింద పగిలిన ప్యాకెట్లోంచి పాలు గడప దాటి వీధిలోకి పోతున్నాయి. హైమ వాటినే చూస్తూ కూర్చుండిపోయింది. భయం అంటే ఏమిటో ఆమెకి ఆ రోజు తెలిసింది.

నాలుగు నెలల క్రితం ఇదే పరికరాన్ని చూసి ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నారు. ఇంటిల్లిపాదీ అంటే ఇద్దరే. మిగతా సందడంతా బ్యాండుది.

బ్యాండు పేరు నాలుగురోడ్లు. విశాఖపట్నం అల్లిపురంలో మూతబడ్డ అచ్చాఫీసు పై అంతస్తులో సాధన. మనుషులు ముగ్గురు, కంప్యూటరు ఒకటి. ట్రంపెట్ ఊదే ఏసురత్నానికి అరవై రెండేళ్ళు. ఆదివారం చర్చిలో, మిగతా రోజులు పెళ్ళి ఊరేగింపుల్లో నలభై ఏళ్ళు ఊదాడు. పోర్టులో పనిచేసే రోజుల్లో ఓ నావికుడిచ్చిన పాత రికార్డులు విని జాజ్ తనంతట తానే నేర్చుకున్నాడు. దరువు పడ్డాక తీరిగ్గా వెనకాలే రావడం ఆయన పద్ధతి. పిలవగానే పరిగెత్తుకొస్తే పెళ్ళికొడుక్కి విలువేం ఉంటుందమ్మా అనేవాడు. రెహానా వయసు ఇరవై ఏడు. ఆమెది హౌస్ సంగీతం. కంప్యూటర్లోంచి దుం దుం దుం దుం మని నాలుగు సమానమైన దెబ్బలు, గంటైనా అంగుళం జరగవు.

ఇక పైడిరాజు. గజపతినగరం దగ్గర డోలు వాయించే కుటుంబం. పట్నం వచ్చాక, చేత్తో వాయించే పొడుగాటి డోళ్ళు, కాంగాలు నేర్చుకున్నాడు. క్యూబా వాళ్ళ అయిదు దెబ్బల వరసని మొదటిసారి విన్నప్పుడు తొడ మీద తకిట తకిట తకధిమి తక తకధిమి అని లెక్కేసి, "పదారూ సరిపోయింది, ఇది మావోళ్ళదేనేటి?" అని ఆశ్చర్యపోయాడు. చెయ్యి బంగారం, కానీ హుషారొస్తే ముందుకి దూకేస్తాడు.

ఒకడు వెనక్కి లాగుతాడు, ఒకడు ముందుకి దూకుతాడు, మధ్యలో కంప్యూటరు కదలదు. విడివిడిగా వింటే ముగ్గురూ అద్భుతం. కలిసి వాయిస్తే, ఇరుకు గుమ్మంలోంచి బీరువా మోసే కూలీల్లా ఉండేది వ్యవహారం.

హైమ ఊరు కాకినాడ, ఉద్యోగం రుషికొండ మీది ఓ పరిశోధనశాలలో. నడుస్తూ తూలిపోయే వృద్ధుల కోసం, చెవి లోపల ఒంటిని నిలబెట్టే నరం మీద పని చేస్తుంది. ఒకరోజు సాధన చూసి, "మీరు దరువు విని కదులుతున్నారు, అందుకే ఎవరికి వాళ్ళు ఆలస్యం. చెవికంటే ముందు ఒంటికి తెలిస్తే?" అంది. ఆ మాట అన్న రెండు నెలలకి బిళ్ళలు తయారయ్యాయి. చెవి వెనక చర్మం మీద చీమ నడిచినంత కరెంటు తాకితే ఒళ్ళు దరువు వైపు కనిపించనంతగా ఒరుగుతుంది. ఒంటి కదలిక తిరిగి కంప్యూటరుకి చేరుతుంది, అదీ వీళ్ళని బట్టి సర్దుకుంటుంది. ఆ బిళ్ళకి ముందుగా ఎవరో ఒకరి చెయ్యి నేర్పాలి. మొగుడి చేతికి మించిన చెయ్యి ఆమెకి ఎక్కడ దొరుకుతుంది? ఒక ఆదివారం కూర్చోబెట్టి, డోలు మీద అరవై ముక్కలు రికార్డు చేసింది.

మొదటిసారి ముగ్గురూ బిళ్ళలు పెట్టుకుని వాయించిన మధ్యాహ్నం హైమకి ఇప్పటికీ గుర్తే. కాంగాల మీద పైడిరాజు చెయ్యి పడింది. దాని అడుగున రెహానా దెబ్బ నేలలోంచి లేచినట్టు లేచింది. ఏసురత్నం ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చాడు, కానీ ఆ ఆలస్యం కోసం మిగతా ఇద్దరూ చోటు అట్టేపెట్టారు. పాట అయ్యాక ఏసురత్నం ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని, "నలభై యేళ్ళు ఒంటరిగా ఊదేనని ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

బీచ్‌లో కచేరీ పెడితే జనం విరగబడ్డారు. బందోబస్తుకొచ్చిన కానిస్టేబులు కూడా భుజాలు ఊపాడు. ఆ పాటలో ఏదో చిన్న కుంటు ఉందనీ, దానికి నడుము తనంతట తనే కదులుతుందనీ అందరూ అనేవాళ్ళు. "ఆ వంపు నేను పెట్టలేదు వదినా. ఎక్కడ్నుంచి వస్తోందో అర్థం కావట్లేదు, కానీ భలే ఉంది" అంది రెహానా. బాగున్నదాని పుట్టుపూర్వోత్తరాలు ఎవడు తవ్వుతాడు? హైమా తవ్వలేదు.

మూడో నెలలో పైడిరాజు పళ్ళు తోముకోవడం దరువులో పడింది. తర్వాత అన్నం నమలడం. చక్కెర కలిపే చెంచా, చెప్పులు విడిచే తీరు, ఆఖరికి రెప్పలు కొట్టడం. మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. బిళ్ళ తీస్తే అడుగు తడబడుతోందని అతను చెప్పినప్పుడు నవ్వు తగ్గింది. ఇప్పుడు నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు.

ఆ రోజే అతన్ని పరిశోధనశాలకి తీసుకెళ్ళింది. బిళ్ళ తీసేసి, బల్ల ముందు కూర్చోబెట్టింది.

"బల్ల మీద ఒక దెబ్బ కొట్టు."

పైడిరాజు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"కొట్టు రాజూ."

"ఎప్పుడు?"

"నీ ఇష్టం వచ్చినప్పుడు."

"అదే తెల్డంలేదు హైమా." ఎత్తిన చేతికేసి చూశాడు. "డోలోడి కొడుకుని. ఎప్పుడు కొట్టాలో తెల్డంలేదు."

చేతిని తనే పట్టుకుని కిందికి దించింది హైమ. ఆ చేతిలో బరువు తప్ప ఏమీ లేదు.

నరాల డాక్టరు కాయితాలన్నీ చూసి, ఇంకో నెలా రెండు నెలలు ఇలాగే సాగితే మెదడు దీనికే అలవాటు పడిపోవచ్చనీ, ఆ తర్వాత బిళ్ళ లేకుండా నడవడం కష్టమనీ చెప్పాడు. చిత్రమేమిటంటే ఏసురత్నమూ రెహానా కూడా అన్నాళ్ళూ అవే పెట్టుకున్నారు. భయపడి తీసేస్తే, సాయంత్రానికల్లా ఇద్దరూ మామూలుగా ఉన్నారు. మరి ఇతనికే ఎందుకిలా?

జవాబు సగం ఆ రోజు పరిశోధనశాలలో తీసిన మెదడు గ్రాఫులోనే ఉంది. పైడిరాజు మెదడు అలల్లో దరువు మొదలు రెండు చోట్ల కనిపిస్తోంది. ఒకటి బిళ్ళ చెబుతున్నది. ఇంకోటి దానికి కాస్త ముందు, ఎవరూ పెట్టనిది. నాలుగు నెలలుగా ఆ రెండు మొదళ్ళూ తగవులాడుకుంటున్నాయి. తగవు తీర్చలేక లోపలి మనిషి చేతులెత్తేశాడు. ఆ రెండో మొదలు ఎక్కడ్నుంచి వచ్చింది? హైమ తొమ్మిది రోజులు వెతికింది. కరెంటు లెక్కలు మళ్ళీ వేసింది, బిళ్ళ విప్పి బిగించింది, తనని తాను తిట్టుకుంది. ఇంట్లో పైడిరాజు బిళ్ళ పెట్టుకుని టక్ టక్ మని తిరుగుతుంటే ఆ అడుగుల చప్పుడు వినలేక రేడియో పెట్టేది.

పదో రోజు మధ్యాహ్నం ఏసురత్నం వంజరం చేప పట్టుకుని వచ్చాడు. పైడిరాజు లోపల పడుకున్నాడు. ముందుగదిలో హైమ లాప్‌టాప్‌లో పాత రికార్డింగులు ఒకదాని తర్వాత ఒకటి వింటోంది. ఆయన చేప సంచీ పట్టుకునే నిలబడి విన్నాడు.

"ఇదేటమ్మా, మొదలు లేదు?"

"మొదటి దెబ్బ నుంచే ఉందండీ."

"అది మొదటిది కాదు. రెండోది."

హైమ తలెత్తి చూసింది. ఆయనకి చెవుడొచ్చిందేమో అనుకుంది.

"ఆళ్ళ ఊరి మేళంతో ముప్పై యేళ్ళు ఊరేగింపులు చేసేను. నాకు తెల్దా?" ఏసురత్నం సంచీ గుమ్మం పక్కన పెట్టి కూర్చున్నాడు. "మొదటి దెబ్బ ఆళ్ళు కొట్టరు. చెయ్యెత్తుతారు, దించుతారు, తోలు మీద ఆనించరు. అది అమ్మవారికి ఒగ్గేస్తారు. ఆ దెబ్బకి చప్పుడుండదు గానీ లెక్కలో ఉంటాది. కొత్తలో నాను తెలీక రెండో దెబ్బని మొదటిదనుకుని ఊదీసేవోణ్ణి. ఈడి తాత నన్ను పెళ్ళివారి ముందే తిట్టేడు."

హైమ అసలు రికార్డింగులు తెరిచింది. ప్రతి ముక్కకీ ముందు కొంచెం నిశ్శబ్దం. ఆ ఆదివారం చేతి కదలికని కొలవడానికి కట్టిన పట్టీ గీసిన గీత కూడా దాని పక్కనే ఉంది. గీత పైకి లేచింది, కిందికి దిగింది, తోలుకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. అప్పుడు నిశ్శబ్దం. ఆ తర్వాత చప్పుడు. ఒకటి కాదు, అరవై ముక్కల్లోనూ అంతే. రికార్డు చేసిన ప్రతివాడూ చేసే పనే తనూ చేసింది. ముందున్న ఖాళీ అనవసరం కదా అని, అరవయ్యీ ఒక్కసారి ఎంచుకుని, ఒక్క మీట నొక్కి కత్తిరించేసింది.

మిగతా ఇద్దరి ఒళ్ళకీ అంతకుముందు వేరే మొదలు లేదు కాబట్టి బిళ్ళ చెప్పిందే నమ్మాయి. పైడిరాజు ఒంటికి మాత్రం ఆరేళ్ళ వయసు నుంచీ ఒక మొదలు ఉంది. బిళ్ళ రోజూ అది తప్పని చెబుతూ వచ్చింది. రెహానాకి అంత నచ్చిన ఆ కుంటు కూడా ఇదే. పాట మొత్తం ఒక దెబ్బ ఆలస్యంగా కళ్ళు తెరిచేది.

లోపలికెళ్ళి మొగుణ్ణి లేపింది. "మొదటి దెబ్బ కొట్టవని నాకెందుకు చెప్పలేదు?"

పైడిరాజు నిద్రమొహంతో చూశాడు. "సెప్పడానికేటుంది? అన్నం తినేటప్పుడు నోరు తెరుస్తానని సెప్తానేటి?"

అతని మీద కోపం రాలేదు హైమకి. అరవైసార్లు ఎదురుగా కూర్చుంది తను. అతని చెయ్యి లేవడం కళ్ళారా చూసింది. చూసి కూడా, చప్పుడు లేదు కాబట్టి లేదనుకుంది.

తప్పు దొరికింది, కానీ దిద్దడం వేరే సంగతి. కత్తిరించిన ఖాళీని బిళ్ళలో తిరిగి పెట్టాలి. ప్రతి వరసకీ మొదటి దెబ్బ దగ్గర బిళ్ళ నోరు మూసుకోవాలి, అక్కడ పైడిరాజు తనంతట తను నిలబడాలి. రోజుకింత చొప్పున కరెంటు తగ్గిస్తూ పోవాలి. కుదిరితే బయటపడతాడు. కుదరకపోతే ఇప్పుడున్న టక్ టక్ నడక కూడా పోవచ్చు.

ఈసారి అతని చెయ్యి పట్టుకుని అన్నీ విడమరిచి చెప్పింది. "మొదటిసారి నువ్వు సరదాపడి పెట్టుకున్నావు. నేనూ సరదాపడి పెట్టాను. ఇప్పుడు బాగా ఆలోచించుకుని చెప్పు. వద్దంటే ఇంకెప్పుడూ ఎత్తను."

పైడిరాజు చెవి వెనక బిళ్ళ తడిమాడు. "ఇలా బతకడం నాకొద్దు హైమా. ఈ నడక నాది కాదు. పడితే పడతాను, పట్టుకో."

పడ్డాడు కూడా. రెండో రోజు గుమ్మం దగ్గర, మూడో రోజు పెరట్లో. మూడో రోజు మోకాలు చీరుకుపోయింది, హైమ మందు రాస్తూ అతని కంట పడకుండా ఏడ్చింది. నాలుగో రోజు అన్నం ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆపేద్దామంది హైమ. అతను తల అడ్డంగా ఊపాడు. అయిదో రోజు చిన్న మార్పు కనిపించింది. అడుగు వేసే ముందు కాలు కాస్త ఎత్తి, గాల్లోనే ఒక క్షణం ఉంచి, అప్పుడు నడుస్తున్నాడు. ఎదురింటావిడ చూసి, మీ ఆయనకి కాల్లో ముల్లు దిగిందా అని అడిగింది. అవునంది హైమ. అంత సంతోషంగా అబద్ధం ఎప్పుడూ ఆడలేదు.

తొమ్మిదో రోజు కరెంటు దాదాపు సున్నా. హైమ వంటింట్లో పులుసు కలుపుతోంది. ముందుగదిలోంచి చప్పుడు వినిపించింది. తలుపు చెక్క మీద వేళ్ళతో ఎవరో ఊరికే, ఏమీ తోచక కొడుతున్నట్టు. మూడు దెబ్బలు, ఆగి రెండు, మళ్ళీ ఒకటి. వరసా లేదు, లెక్కా లేదు. గరిటె వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. పైడిరాజు తలుపుకి ఆనుకుని వీధిలోకి చూస్తున్నాడు. చెవి వెనక ఎర్రటి మచ్చ తప్ప ఏమీ లేదు. బిళ్ళ చొక్కా జేబులో ఉంది. ఎప్పుడు తీశాడో ఆమెకి తెలియదు. వేళ్ళు కదులుతున్నాయన్న సంగతి బహుశా అతనికీ తెలియదు.

హైమ పిలవలేదు. పిలిస్తే ఆగిపోతాయేమోనని భయం. పులుసు అడుగంటిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడింది.

ఆ వారమే డైరెక్టరుకి నివేదిక రాసింది. ఎక్కడ ఏం కత్తిరించిందీ, దానివల్ల ఏమైందీ తన పేరుతోనే రాసి, ఈ బిళ్ళ ఎవరికి పెట్టాలన్నా ముందు ఆ మనిషి ఒంట్లో ఇదివరకే ఉన్న దరువేమిటో తెలుసుకునే దారి కనిపెట్టేదాకా పని ఆపెయ్యాలంది. ఆయన ముఖం చిట్లించాడు, సంతకం పెట్టాడు. బయటికొచ్చి కొండ దిగుతుంటే హైమకి గుండెల మీంచి బండ దింపినట్టయింది.

నెల తిరక్కుండానే అల్లిపురంలో మళ్ళీ సాధన మొదలైంది. ఎవరి చెవి వెనకా ఏమీ లేదు. రెహానా ఈసారి కంప్యూటరుని పాట మీద వదిలెయ్యకుండా, దరువు వేగాన్ని ఒక మీట మీద వేలితో తనే అటూ ఇటూ జరుపుతోంది. "ఇప్పుడిది కూడా వాయిద్యమే వదినా. వేలు నొప్పెడుతోంది" అంది. పాత పాటే ఎత్తుకున్నారు. ఆ కుంటు లేదు. జనం అంత ఇష్టపడ్డ వంపు పోయిందే అని రెహానా ఓసారి నిట్టూర్చింది. కానీ సగంలో పైడిరాజుకి హుషారొచ్చింది. కాంగాల మీద చేతులు ముందుకి దూకాయి. రెహానా వేలు వాటి వెనక పరిగెత్తింది. ఏసురత్నం ట్రంపెట్ దించి, "ఒరే, తరుముతున్నారేట్రా నిన్ను? ఎక్కడికా పరుగు!" అని గది అదిరేలా అరిచాడు. పైడిరాజు పడీ పడీ నవ్వాడు. పాట అక్కడే కుప్పకూలింది. అయినా ముగ్గురిలో ఎవరికీ చింత ఉన్నట్టు లేదు. మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకున్నారు.

సాధన అయ్యాక మొగుడూ పెళ్ళాం కిందికొచ్చారు. వీధి చివర పుణుగులు వేసే బండి దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. హైమ మనసులో ఒక మాట ఎన్నో రోజులుగా తిరుగుతోంది. వరసగా పేర్చుకుని పెట్టుకుంది కూడా. ఇక ఈ రోజు అనేయాలనుకుంది.

"రాజూ, నీతో ఒక మాట చెప్పాలి. నీ చేతిని నేను యంత్రానికి నేర్పాననుకున్నాను గానీ, అసలు నీ చెయ్యేమిటో తెలుసుకోకుండా, నిన్ను అడక్కుండా, నాకు తెలుసుననే పొగరుతో ఆ రోజు నేను కత్తిరించి..."

"ఆకలేస్తంది హైమా, ముందు పుణుగులు తిందాం రా" అంటూ ఆమె చెయ్యి పట్టి లాగాడు పైడిరాజు.

హైమ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. తన మాట ఇంకా పూర్తి కాలేదు. మధ్యలో అడ్డం వచ్చాడు! నెలల తరబడి అతను ఆమె వాక్యం ముగిసేదాకా ఆగేవాడు, ముగిశాక ఇంకొంచెం ఆగేవాడు, దరువు పడితే అప్పుడు జవాబు చెప్పేవాడు. ఎంత మర్యాదో అనుకునేది మొదట్లో. అది మర్యాద కాదని తెలిశాక, ఆ ఆగే క్షణం వచ్చినప్పుడల్లా ఆమె చూపు పక్కకి తిప్పుకునేది. ఇప్పుడు ఆ క్షణం రాలేదు.

"ఏటలా సూస్తన్నావు? ఏదో సెప్తన్నావు కదా, సెప్పు."

"ఏం లేదు" అంది హైమ. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది, "నేనేదైనా చెబుతుంటే ఇలాగే అడ్డం రా. ఎప్పుడూ రా."

"అదేటి? ఇదివరకైతే తిట్టీదానివి..." అని అతను ఏదో అనబోతుంటే, ఈసారి హైమే అడ్డం వచ్చి, బండివాడికి రెండు పొట్లాలు కట్టమని చెప్పింది.